నూట నలభై ఎనిమిది వోల్టులు

"…అంటే తప్పంతా నా మీదికే తెస్తున్నవా? కాయిల్ చుట్టింది నేనా?"

"చుట్టింది నువ్వని ఎవడన్నడు? స్విచ్ కాడ నిలబడ్డది నువ్వు. పొగ లేసేదాంక ఏం చూస్తున్నవ్?"

"సార్ల దిక్కు చూస్తున్న. వాళ్లు కాయితం మీద మార్కులేస్తుంటే నేను స్విచ్ బంద్ చెయ్యాల్నా?"

"చెయ్యకపోతే ఏమొచ్చింది? సున్నా ఏసిండ్రు."

"సున్నా గాదు. ఏం ఎయ్యలే. అడ్డం గీత గీసిండు."

మధిర నుంచి ఖమ్మం వెళ్లే బస్సు చివరి సీట్లో బిక్షపతి, తుల్సీరాం ఇలా తగువు పడుతున్నారు. వాళ్ల ముందు సీట్లో, కిటికీ పక్కన హేమ్లా కూర్చున్నాడు. అతని ఒళ్లో గోనెసంచి మూట ఉంది. ముగ్గురూ మణుగూరు బొగ్గు కాలనీ పక్కన ఉన్న జూనియర్ కాలేజీలో ఒకేషనల్ ఎలక్ట్రికల్ రెండో ఏడు చదువుతున్నారు. ఆరు నెలలు కష్టపడి తయారుచేసిన యంత్రపు చేతిని ఆ రోజు జిల్లా విజ్ఞాన ప్రదర్శనలో పెట్టారు. అది న్యాయనిర్ణేతల ముందే కాలిపోయింది. ఇప్పుడది ముక్కలుగా విప్పి గోనెసంచిలో ఉంది. కాలిన వార్నిష్ వాసన ఇంకా పోలేదు.

హేమ్లా పక్కన కూర్చున్న ముసలామె ముక్కు మీద కొంగు పెట్టుకుంది.

"ఏంది బిడ్డా అది? ఏమన్న సచ్చిందా అండ్ల?"

"మిషిన్ అవ్వా."

"మిషిన్లు గూడ కంపు కొడ్తయా" అని ఆమె అటు తిరిగింది.

వెనక ఇద్దరూ ఖమ్మం దాకా ఒకరి తప్పు ఒకరు ఎంచుతూనే ఉన్నారు. హేమ్లా పేరు ఎవరూ ఎత్తలేదు. అతనికి తెలిసిన సంగతి వాళ్లకు తెలియదు.

*

హేమ్లా పుట్టింది పినపాకకు అవతల, అడవి అంచున ఉన్న ఒక తండాలో. తండ్రి భద్రుకు మూడెకరాల చేను, అందులో ఒక బావి ఉన్నాయి. హేమ్లాకు తొమ్మిదేళ్లప్పుడు తండాకు కరెంటు స్తంభాలు వచ్చాయి. మరుసటి ఏడు బావికి మోటారు వచ్చింది. అప్పటినుంచి యాసంగి కాలమంతా అతనికొక పని ఉండేది.

మధ్యాహ్నం మూడు ఫేజుల కరెంటు వదలగానే చుట్టుపక్కల మోటార్లన్నీ ఒకేసారి నడిచేవి. ఒక్కో మోటారు మొదలవుతున్న కొద్దీ కరెంటులో బలం తగ్గేది. బలం తగ్గగానే మోటారు ఆగిపోదు, మూలగడం మొదలుపెడుతుంది. ఆ మూలుగు వినబడ్డాక పది లెక్కపెట్టేలోపు స్టార్టరు ఆపాలి. ఆపకపోతే లోపలి తీగ కాలుతుంది. అందుకని ప్రతి బావి దగ్గరా ఇంట్లో చిన్నవాళ్లు ఎవరో ఒకరు చెవి పెట్టుకుని కూర్చునేవారు. దాన్ని 'మోటరుకు కాపలా' అనేవారు. ఎండాకాలం పూర్తయ్యేలోగా తండాలో సగం మోటార్లు రీవైండింగ్ షాపుకు వెళ్లి వచ్చేవి. హేమ్లా కాపలా ఉన్న ఐదేళ్లలో భద్రు మోటారు ఒక్కసారి కూడా కాలలేదు. "మావోనికి చెవులు మేకపిల్ల చెవులు" అని భద్రు తండాలో చెప్పుకునేవాడు.

కాలేజీలో చేరి మణుగూరు హాస్టలుకు వచ్చాక హేమ్లా వేరే కరెంటు చూశాడు. కాలనీది బొగ్గు కంపెనీ సొంత కరెంటు. అది పోదు, తగ్గదు. క్వార్టర్లలో అన్నం కూడా హీటరు మీదే వండుతారు. చలికాలం పొద్దంతా ఆ హీటర్లు ఎర్రగా మండుతూనే ఉంటాయి. వీధిలో ఎన్ని హీటర్లు వెలిగినా బల్బు రంగు మారదు. చేరిన కొత్తలో ఒకరోజు ల్యాబులో హేమ్లా మాటవరసకు అన్నాడు:

"మా తండాల పొద్దుగూకితే బల్బు బీడీ నిప్పు లెక్కుంటది. దీపం పెట్టి బల్బు యాడున్నదో ఎతుక్కోవాలె."

అందరూ నవ్వారు. బాగా నవ్వినవాడు తుల్సీరాం. అతనూ లంబాడీల పిల్లవాడే, కానీ తండ్రి గనిలో పనిచేస్తాడు గనక కాలనీలో పుట్టి పెరిగాడు. కాలేజీలో ఆ భాష మాట్లాడడు. "ఏరా లో వోల్టేజ్" అని మొదట పిలిచింది అతనే. వారం తిరిగేసరికి అది పేరైంది. హాజరు పట్టీలో తప్ప హేమ్లా అన్నవాళ్లు లేరు. ఆ తర్వాత అతను తండా కరెంటు గురించి మళ్లీ నోరెత్తలేదు.

*

యంత్రపు చెయ్యి ఆలోచన భౌతికశాస్త్రం లెక్చరర్ సారంగపాణిది. బొగ్గు పెళ్లను ఒక తట్టలోంచి తీసి ఇంకో తట్టలో పెట్టే చెయ్యి. గని లోపల మనిషి పోలేని చోట ఇలాంటివి పనిచేసే రోజు వస్తుందని ఆయన చెప్పేవాడు. కంపెనీ వర్క్‌షాపు తుక్కులోంచి డంపర్ల అద్దాలు తుడిచే మోటార్లు అడిగి తెచ్చాడు. భుజానికి ఒకటి, మోచేతికి ఒకటి పెట్టారు. వేళ్లు మూయడానికి మాత్రం మోటారు కాదు, ఒక కాయిల్. కరెంటు తగలగానే కాయిల్ లోపలి ఇనుపకడ్డీని లాక్కుంటుంది, కడ్డీతో పాటు మూడు వేళ్లూ ముడుచుకుంటాయి. ఆ కాయిల్ చుట్టింది హేమ్లా. నాలుగుసార్లు విప్పి, ఐదోసారికి కుదిర్చాడు.

జనవరిలో వర్క్‌షాపు ఇంజనీరు రామ్‌చందర్ ల్యాబుకు వచ్చి చూశాడు. చెయ్యి వంగి, పెళ్లను పట్టి, ఎత్తి, పక్క తట్టలో దించింది. ఆయన ఇంకోసారి చెయ్యమన్నాడు. చేసింది.

"జిల్లాల గెలిచి హైదరాబాద్ పోండ్రి. పోయిన పేపర్ పట్టుకొని నా దగ్గరికి రాండ్రి. ముగ్గురికీ అప్రెంటిస్ నేను రాస్త" అన్నాడు.

బిక్షపతికి, తుల్సీరాంకు అది సంతోషం. హేమ్లాకు వచ్చే మూడేళ్లు దాని మీదే నిలబడ్డాయి. భద్రు అంతకుముందు ఏడు బండి మీద నుంచి పడ్డాడు. నడుము పోయింది, అరక పట్టలేడు. చేను కౌలుకివ్వాలా, కొడుకును చదువు మాన్పించి అరకకు పెట్టాలా అన్నది ఉగాదిలోపు తేలాలి. తండాలో కౌళ్లన్నీ ఉగాదికే ఖాయమవుతాయి. పక్క చేను లచ్చిరాం అప్పటికే ఒకసారి అడిగి వెళ్లాడు.

"అప్రెంటిస్ వస్తే పో. చేను లచ్చిరాంకు ఇద్దాం. రాకపోతే చూద్దాం" అన్నాడు భద్రు. చూద్దాం అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

*

ప్రదర్శన మధిరలో ఒక హైస్కూలు హాలులో. పొద్దున తొమ్మిదికే బల్ల మీద చెయ్యి బిగించి చూసుకున్నారు. ఇరవైసార్లు పెళ్లను ఎత్తించారు, ఒక్కసారీ జారలేదు. న్యాయనిర్ణేతలు పదకొండుకు రావాలి. ప్రారంభించవలసిన అతిథి ఆలస్యంగా వచ్చాడు, ఉపన్యాసాలు భోజనాల దాకా సాగాయి. వాళ్లు హాలులో అడుగుపెట్టేసరికి రెండు దాటింది. లెక్చరర్లు బల్లల దగ్గర ఉండకూడదని నియమం. సారంగపాణి వరండాలోకి వెళ్లిపోయాడు.

రెండున్నరకు హాలులో ఫ్యాన్లు నెమ్మదించాయి. హేమ్లా తల ఎత్తి చూశాడు. రెక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయి. పక్క బల్ల మీద ట్యూబులైటు రెండుసార్లు అదిరి ఆరిపోయింది. బయట పొలాలకు మూడు ఫేజుల కరెంటు వదిలారని అతనికి వెంటనే తెలిసిపోయింది.

అప్పటికి న్యాయనిర్ణేతలు రెండు బల్లల అవతల ఉన్నారు. ఇప్పుడు పెట్టొద్దు, సార్‌ను పిలుద్దాం, సాయంత్రం చూడమని అడుగుదాం అని చెప్పడానికి సమయం ఉంది. తుల్సీరాం స్విచ్ దగ్గర నిలబడి జుట్టు దువ్వుకుంటున్నాడు. చెప్పాలంటే 'వోల్టేజ్ తక్కువున్నది' అనాలి. ఆ మాట తన నోటి నుంచి వస్తే వాడి ముఖం ఎలా మారుతుందో హేమ్లాకు తెలుసు. పట్నం కరెంటు కదా, మన తండా అంత అన్యాయంగా ఉండదులే అని కూడా అనుకున్నాడు. అలా అనుకోవడం ఆ నిమిషానికి సులువుగా ఉంది.

ముగ్గురు న్యాయనిర్ణేతలు వచ్చారు. బిక్షపతి కంఠస్థం చేసిన ఇంగ్లీషు నాలుగు వాక్యాలు అప్పజెప్పాడు. హేమ్లా తట్టలో బొగ్గు పెళ్ల పెట్టాడు. తుల్సీరాం స్విచ్ వేశాడు. చెయ్యి వంగింది. పొద్దుటికంటే నిదానంగా వంగింది.

"కొంచెం బద్ధకంగా ఉన్నట్టుందే మీ మనిషి" అన్నాడు ఒకాయన. మిగతా ఇద్దరూ నవ్వారు.

వేళ్లు పెళ్లను తాకి, సగం ముడుచుకుని ఆగిపోయాయి. కాయిల్ మూలగడం మొదలుపెట్టింది. హాలులో గోలగా ఉంది. ఆ మూలుగు విన్నది హేమ్లా ఒక్కడే. చేతికందే దూరంలో స్విచ్ ఉంది. అతను లోపల లెక్కపెట్టాడు. పది అయింది. ఒక్క గుంజు గుంజితే కడ్డీ లోపలికి పోతుంది, వేళ్లు మూసుకుంటాయి, ఇప్పుడు మూసుకుంటాయి అనుకున్నాడు. ఇరవై అయింది. "వన్ మినిట్ సర్" అంటున్నాడు బిక్షపతి. ముప్పై దాటాక మోచేతి కింద ఉన్న కాయిల్ నుంచి సన్నగా పొగ లేచింది.

పెద్దాయన కాగితం మీద అడ్డంగా గీత గీసి తర్వాతి బల్లకు నడిచాడు.

సారంగపాణి పరుగున వచ్చి మీటరు తీసి సాకెట్‌లో పెట్టాడు. రెండు వందల ముప్పై చూపించవలసిన ముల్లు నూట నలభై ఎనిమిది దగ్గర నిలిచింది. ఆయన మీటరు తీసి, మళ్లీ పెట్టి చూశాడు. అంతే ఉంది.

*

ఖమ్మం బస్టాండులో మణుగూరు బస్సు కోసం గంట కూర్చోవలసి వచ్చింది. బస్సులో డ్రైవరు వెనక కూర్చుని వచ్చిన సారంగపాణి నలుగురికీ టీ తెప్పించాడు. హేమ్లా టీ తాగకుండానే చెప్పాడు.

"నాకు ఎరుకైంది సార్. ఫ్యాన్లు స్లో అయినప్పుడే ఎరుకైంది. కాయిల్ మూలుగుతుంటే ఇన్న. బంద్ చెయ్యలే."

బిక్షపతి గ్లాసు కింద పెట్టాడు.

"మరి నోట్ల ఏం పెట్టుకున్నవ్? చెప్పకపోతివి?"

"చెప్తే నవ్వుతరనుకున్న."

బిక్షపతి తుల్సీరాం వైపు చూశాడు. తుల్సీరాం చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"అవ్, నవ్వుతుంటిమి" అన్నాడు బిక్షపతి. కోపంగా అనలేదు.

"మాది సత్తుపల్లి దగ్గర పల్లెటూరే" అన్నాడు సారంగపాణి. "మా నాన్న మోటారు ఏటా కాలేది. కాలనీకి వచ్చి పదకొండేళ్లయింది. ఒక్క స్టెబిలైజర్ పెట్టుకోవాలని నాకు తోచలేదు. నీకు చెప్పవలసింది నేను, నువ్వు నాకు కాదు."

ఆ మాట హేమ్లా బరువు తగ్గించాలని అన్నాడు. తగ్గలేదు. సారు తెలిసీ మరిచిపోయాడు, వాళ్లకు తెలియనే తెలియదు. తెలిసి, గుర్తుండి, విని, లెక్కపెట్టి ఊరుకున్నది తనొక్కడే.

ఆ రోజు తర్వాత అతన్ని ఎవరూ లో వోల్టేజ్ అనలేదు. హేమ్లా అని పూర్తిగా, జాగ్రత్తగా పిలిచారు. రోగి మంచం పక్కన మాట్లాడేటప్పుడు మనుషులు గొంతు అలా పెడతారు.

*

మరునాడు అతను తండాకు వెళ్లాడు. భద్రు వాకిట్లో నులకమంచం మీద నడుముకు గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు.

"ఏమాయెరా?"

"కాలింది, బా."

"మోటరా?"

"చెయ్యి. కాయిల్ కాలింది."

"కాలితే చుట్టియ్యరాదు? మోటర్లు కాలుతలేవా, చుట్టిస్తలేరా?"

"చుట్టొచ్చు. చుట్టినా ఆడికి మల్ల పోనియ్యరు. ఏడాదికొక్కసారే. మల్లేడు నేను కాలేజీల ఉండ."

భద్రు తలూపాడు. నీ చెవులకేమైందని ఆయన అడగలేదు. అడుగుతాడని దారి పొడుగునా హేమ్లా భయపడ్డాడు. అడగకపోవడం ఇంకా కష్టంగా ఉంది.

తల్లి జమ్లి చేను నుంచి వచ్చి తట్ట దించింది. మిరపకాయలు ఏరే రోజులు. ఆమెకు కూలి మనుషులు దొరకడం లేదు.

"ఆరు నెలల సంది చెయ్యి చెయ్యి అంటివి. అది కాలితే కాలె. దేవుడిచ్చినయి రెండున్నయి గద, రేపు నాతోని రా" అంది.

అతను వెళ్లాడు. పదిరోజులు వరసగా మిరపకాయలు ఏరాడు. మధ్యాహ్నం చుట్టూ మోటార్లు మొదలైతే చేను ఆ చివరికి పోయి ఏరేవాడు. అయినా వినబడేది. ఎవరి మోటారు ఎప్పుడు మూలిగిందో, ఎవరు ఎన్నింటికి ఆపారో, వద్దనుకున్నా లెక్క నడిచేది. ఒకరోజు పక్క చేనులో మూలుగు మొదలై పది దాటింది. అతను కాయలు కింద పోసి గట్లు దూకి పరుగెత్తాడు. లచ్చిరాం భార్య బాలి అప్పుడే స్టార్టరు ఆపి చెట్టు కిందికి నడుస్తోంది.

"ఏంది కొడుకా, పాము గిట్ల కనబడ్డదా?" అందామె.

"ఏం లే కాకీ" అని వెనక్కి వచ్చాడు. పోసిన కాయల్లో సగం తల్లి ఏరింది.

*

పదకొండో రోజు బిక్షపతి సైకిలు మీద తండాకు వచ్చాడు. కాలనీ పిల్లలెవరూ అంతకుముందు అక్కడికి రాలేదు. జమ్లి అతనికి మజ్జిగ ఇచ్చింది. అతను నిలబడే తాగాడు.

"సార్ రమ్మన్నడు. కాయిల్ మల్ల చుట్టిచ్చినం. మా బాపు దోస్తు వర్క్‌షాపుల చుట్టి ఇచ్చిండు. సోమవారం ప్రాక్టికల్. బయట నుంచి ఎగ్జామినర్ వస్తడంట. ప్రాజెక్టు మార్కులు దానికే."

"తుల్సీ ఉన్నడు గద. మీరిద్దరు చెయ్యండ్రి."

"ముగ్గురి పేర్లున్నయి." బిక్షపతి గ్లాసు ఇచ్చేసి సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు. "నువ్వు గింత మనసుల పెట్టుకోకురా. నాకు లేదా బాధ? నాకైతే రెండు రోజులు అన్నం పోలే."

"రెండు రోజులు" అన్నాడు హేమ్లా.

"మరేం చెయ్యాలె? మా బాపును ఈ యేడు గనిల మెడికల్ అన్‌ఫిట్ చేస్తరు. ఆయన నౌకరి నాకే వస్తది. తుల్సీకి గూడ అంతే, జర ఆలస్యం." అనేశాక ఎదుటివాడి ముఖం చూసి ఆగాడు. "నీకు గూడ ఏదో ఒకటి దొరుకుతది" అన్నాడు.

సైకిలు వెనక కూర్చుని హేమ్లా కాలేజీకి వెళ్లాడు.

ల్యాబులో చెయ్యి బల్ల మీద బిగించి ఉంది. దుమ్ము తుడిచారు, వేళ్లకు కొత్త రబ్బరు తొడిగారు. ఇంజనీరు రామ్‌చందర్ కూడా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. తుల్సీరాం స్విచ్ దగ్గర నుంచి పక్కకు జరిగి, "నువ్వు ఎయ్యి, హేమ్లా" అన్నాడు.

హేమ్లా స్విచ్ వేశాడు. చెయ్యి వంగింది. టక్కున వేళ్లు ముడుచుకున్నాయి. పెళ్లను ఎత్తి, తిరిగి, పక్క తట్టలో చప్పుడు కాకుండా దించింది. మళ్లీ వేశాడు. మళ్లీ అంతే. మూలుగు లేదు, జారడం లేదు. సారంగపాణి నెమ్మదిగా చప్పట్లు కొట్టబోయి, ఒక్కడే కొడుతున్నట్టు గమనించి మానేశాడు.

"చూసినవా" అన్నాడు బిక్షపతి. "మనది తప్పు లేకుండె. మనది మంచిగనే ఉండె."

రామ్‌చందర్ లేచి హేమ్లా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ చేతుల పని ఉన్నది బాబూ. నా చేతుల ఉంటే రేపే తీసుకుంటుంటి. అప్రెంటిస్ లిస్టు పోయింది. ఏ కాయితం చూపిచ్చి నీ పేరు కలుపాలె?"

ఆయన వెళ్లాక తుల్సీరాం మళ్లీ స్విచ్ వేశాడు. ఎవరూ ఆపమనకపోయేసరికి చెయ్యి ఈ తట్టలోది ఆ తట్టలో, ఆ తట్టలోది ఈ తట్టలో పెడుతూ పోయింది. హేమ్లా గోడకు ఆనుకుని చూశాడు. కాలిన రోజు చూడటం ఇంతకంటే తేలికగా ఉండింది. అది పనిచేయనిదని ఆ రోజు ఒక్క పూటైనా అనుకోగలిగాడు. ఇప్పుడు ఆ సాకు కూడా లేదు, ఎన్నిసార్లు స్విచ్ వేసినా అది తన తప్పునే చూపిస్తుంది.

"సోమవారం తొమ్మిదింటికల్లా వచ్చేయ్" అన్నాడు సారంగపాణి. "తెల్లచొక్కా వేసుకో."

హేమ్లా తలూపాడు.

*

ఆదివారం పొద్దున లచ్చిరాం వాకిట్లోకి వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. జమ్లి పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తోంది. హేమ్లా ఎద్దులకు కుడితి పెట్టి చేతులు కడుక్కుంటున్నాడు.

"ఏం అన్నా, ఉగాది దగ్గరికొచ్చె. నీ మాట కోసం నేను ఇంకోని చేను అడగలే" అన్నాడు లచ్చిరాం.

భద్రు నడుము సర్దుకుని కూర్చున్నాడు.

"నాకేం మాటున్నదిరా, నువ్వే చేసుకో మూడేండ్లు. పిలగాన్ని చదువు పూర్తి చేసుకోనియ్యి. అప్రెంటిస్ పోతే పోయె. పాసైన కాయితమన్న చేతిల ఉంటే యాడనో ఒకచోట దొరుకుతది. రేపే పరీక్షనట."

"తెల్లచొక్కా ఉతికి ఆరేసిన" అంది జమ్లి పొయ్యి దగ్గరి నుంచి.

"మంచిది. మరి ఇయ్యాల్నే ఖాయం చేసుకుందామా?"

"ఖాయమే అనుకో" అన్నాడు భద్రు.

హేమ్లా చేతులు తుడుచుకుని మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"చేను ఇయ్యం, కాకా" అన్నాడు. "నేనే చేస్త. రేపు పరీక్షకు పోను. కాలేజీ బంద్ చేసిన."